మాటా మంతీ: ఇరవై ఎనిమిదో మనిషి

కిందటి నెల సంచికలో మన సంఘం వారి బెలుం గుహల యాత్ర గురించి పదిహేను పంక్తులు వేశాము. "ఇరవై ఎనిమిది మందిమి వెళ్లాము, ఇరవై ఎనిమిది మందిమీ క్షేమంగా తిరిగి వచ్చాము" అని చివర వ్రాశాము. అందులో అబద్ధమేమీ లేదు. అయితే నడుమ ముప్పావుగంట సేపు మేము ఇరవై ఏడుగురమే వున్నాము. ఆ సంగతి అప్పుడు వ్రాయలేదు. తప్పు మాది కావడమే అందుకు కారణం.

ఆ పంక్తులు చదివి నలుగురైదుగురు చదువరులు, "మేమూ పిల్లలను వెంటబెట్టుకుని పోదామనుకుంటున్నాము, వివరాలు చెప్పండి" అని అడిగారు. వారికి దారీ తెన్నూ చెప్పి ఈ ముప్పావుగంట దాచిపెట్టడం న్యాయం కాదు. అందుచేత ఈ నెల మాటా మంతీ అంతా బెలుం గుహల గురించే.

మన పెరంబూరు వారికి రైలు ప్రయాణం కొత్త కాదు. తాతల నాడు రైల్వే వర్కుషాపులో పనికి వచ్చి ఇక్కడే ఇళ్లు కట్టుకున్న కుటుంబాలు మనలో ఎన్నో వున్నాయి. 1955లో రైలుపెట్టెల ఫ్యాక్టరీ వచ్చిన తరువాత చేరినవారు మరికొందరు. సెంట్రల్‌లో బయలుదేరి ముంబయి దారి పట్టే బళ్లు మన ముంగిట నుంచే పోతాయి. అరక్కోణం, రేణిగుంట, కడప, ఎర్రగుంట్ల దాటితే తాడిపత్రి. ఇది చాలా పాత దారి. చెన్నపట్నం నుంచి వేసుకుపోయిన పట్టాలూ, బొంబాయి నుంచి వేసుకువచ్చిన పట్టాలూ 1871లో రాయచూరు వద్ద కలిశాయి. తాడిపత్రిలో దిగితే బెలుం సుమారు 30 కిలోమీటర్లు. కొలిమిగుండ్ల మండలం. మునుపు కర్నూలు జిల్లా; 2022లో జిల్లాలు విడదీసినప్పుడు నంద్యాల జిల్లాలో చేరింది.

తాడిపత్రిలో దిగినవారు బుగ్గ రామలింగేశ్వరుణ్ణి చూడకుండా కదలరు. పెన్న ఒడ్డున విజయనగర కాలపు గుడి. లింగం అడుగున నీరు ఊరుతూ వుంటుంది గనుక స్వామికి బుగ్గ అన్న పేరు వచ్చింది. మేమూ ఆ నీరు కళ్లకద్దుకుని బయలుదేరాము. ఆ సీమలో నేల పైన నీటికి కరువు గాని, నేల కింద నీరు లక్షల యేళ్లుగా తన పని తాను చేసుకుంటూనే వున్నదన్న సంగతి అప్పటికి మాకు తట్టలేదు.

గుహ అంటే చాలామంది కొండలో వుంటుందనుకుంటారు. బెలుంలో కొండ లేదు. చదునైన నేల మీద పెద్ద బావుల వంటి గోతులు మూడు పక్కపక్కన వున్నాయి. నడిమి గోతిలోకి మెట్లు కట్టారు. సుమారు 20 మీటర్లు దిగితే అక్కడనుంచి గుహ అడ్డంగా సాగిపోతుంది. బెలుం అన్న పేరు 'బిలం' అన్న మాట నుంచి వచ్చిందంటారు. చూసినవారెవరూ కాదనలేరు.

ఈ బిలాన్ని తొలిచింది నీరు. మన వంటిళ్లలో గట్టు మీద వేయించుకునే నల్లని కడప బండ వున్నది చూశారా, ఆ జాతి సున్నపురాయే అక్కడి నేలంతా. వానచినుకు గాలిలోనుంచీ, మట్టిలోనుంచీ బొగ్గుపులుసు వాయువును కలుపుకుని రాతి సందుల్లోకి దిగుతుంది. సోడాబుడ్డిలో బుసబుసలాడేది ఆ వాయువే. అది కలిసిన నీటికి రవంత పులుపు వస్తుంది. గట్టు మీద చింతపండు పులుసు ఒలికితే బండ మీద మచ్చపడి గరుకుదేలడం మన ఇల్లాళ్లకు తెలిసిన విషయమే. అదే పని నేల కింద యుగాల తరబడి జరిగితే సందు కాలువ అవుతుంది, కాలువ సొరంగం అవుతుంది. చిత్రావతి నది వైపు నీరు నేల కిందుగా పారి ఈ సొరంగాలను తొలిచిందని చెబుతారు. తరువాత నీరు ఇంకా లోతుకు దిగిపోయింది. ఆ నీరు ఖాళీ చేసిపోయిన ఇల్లే ఈనాటి బెలుం. పూర్తిగా ఖాళీ చేయలేదు సుమా! అన్నిటికంటె లోతున, నేలమట్టానికి 46 మీటర్ల కింద, పాతాళగంగ అనే చిన్న పాయ ఈనాటికీ పారుతూనే వున్నది. అది రాతి లోపలికి పోయి మాయమవుతుంది.

నది ఇంకా ఇంట్లోనే కాపురమున్న గుహ చూడాలంటే విశాఖపట్నం నుంచి అరకు దారిలో బొర్రా గుహలకు పోవాలి. అక్కడ గోస్తనీ నది గుహలోనుంచే వెలికి వస్తుంది. రైలు పట్టాలు గుహ నెత్తిమీదుగా పోతాయి. ఆ దారిలో 2017లో వేసిన అద్దాల పెట్టె మన పెరంబూరు ఫ్యాక్టరీలో తయారైనదేనని ఇక్కడ ఒక ముక్క గర్వంగా చెప్పుకోవచ్చు. ఎక్కినవారు మన పేరు తలచుకున్నా, తలచుకోకపోయినా సరే.

ఇక బెలుం గుహను లోకానికి చూపినవారి సంగతి. మొదటివారు రాబర్ట్ బ్రూస్ ఫుట్ గారు. ఆయన మన పట్నానికి పరాయివారు కారు. 1858లో భూగర్భ సర్వే శాఖలో చేరిన ఇంగ్లీషు ఉద్యోగి. 1863 మే 30వ తేదీన పల్లావరంలో కంకర తవ్విన చోట ఆయనకు చెక్కిన రాతిగొడ్డలి ఒకటి దొరికింది. మన దేశంలో పాత రాతియుగపు మనుషులు తిరిగారనడానికి అదే మొదటి సాక్ష్యం. రోజూ లోకల్ బండిలో పల్లావరం స్టేషను దాటిపోయేవారు ఈ సంగతి గుర్తుంచుకోదగును. ఆయన జీవితమంతా కూడబెట్టిన రాళ్లూ కుండపెంకులూ తరువాత ఎగ్మూరు మ్యూజియానికి చేరాయి. 1912లో ఆయన గతించారు. సమాధి ఏర్కాడులో వున్నది.

1884లో ఫుట్ గారు కర్నూలు జిల్లా గుహల పని చేపట్టారు. అప్పుడు మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్. లండనులోని హక్స్‌లీ అనే సుప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు ఆ గుహలను తవ్వించి చూడవలసిందని ఆయనకు సలహా ఇచ్చాడు. ముఖ్యమైన పని బేతంచెర్ల వద్ద బిల్లసర్గం గుహలలో జరిగింది. వాటి సంగతి 1844లోనే న్యూబోల్డ్ అనే సైనికాధికారి బయటపెట్టి వున్నాడు. ఫుట్ గారూ, ఆయన కుమారుడూ అక్కడ పొరపొరగా మట్టి తీయించి పూర్వకాలపు జంతువుల ఎముకలు ఎన్నో వెలికి తీశారు. బెలుం పేరు కూడా ఆ 1884లోనే ఫుట్ గారి వ్రాతల్లోకి ఎక్కింది.

ఆ తరువాత? తొంభై ఎనిమిదేళ్లు నిశ్శబ్దం. కాగితం మీద పేరు వున్నది, నేల మీద గొయ్యి వున్నది, దిగి కొలిచినవారు లేరు. ఆఫీసులో పని చేసే మాకు ఇది బాగా తెలిసిన పరిస్థితి. ఫైలు తెరిచి వుంటుంది, పని మాత్రం సాగదు. పైగా చుట్టుపక్కల వారు ఆ గోతుల్లో చెత్త పారబోసేవారు. లక్షల యేళ్ల కట్టడం చెత్తకుండీ అయి కూర్చున్నది.

1982లోనూ 1983లోనూ జర్మనీ నుంచి డేనియల్ గెబావర్ అనే గుహాన్వేషకుడు తన జట్టుతో వచ్చి బెలుంలో దిగాడు. గుహాన్వేషణ అనగానే చేతిలో కాగడా, నడుముకు కత్తి, ఎదురుగా నిధి మన కళ్లకు కనబడతాయి. అసలు పని అటువంటిది కాదు. వారి చేతిలో వుండేవి కొలతటేపు, దిక్సూచి, వాలు చూసే పరికరం, పెన్సిలు, కాగితం. ఒకరు టేపు కొస పట్టుకుని కనుచూపు ఆనేంత దూరం పోయి నిలబడతారు. రెండోవారు దూరమెంత, దిక్కేది, వాలెంత అన్నది చూసి కేకవేస్తారు. మూడోవారు వ్రాసుకుంటారు, బొమ్మ గీస్తారు. ఆపైన అందరూ ముందుకు జరిగి మళ్లీ మొదలు. బురదలో పాకుతూ, చెమటలో తడుస్తూ, గజం గజం కూడుకుంటూ పోవడమే. అలా కూడితే వచ్చిన మొత్తం 3,229 మీటర్లు. పద్దుపుస్తకంలో కూడిక వేసినట్టు వేసిన అంకె అది. ఎవరో ఎగబడి లోపలికి దూకినందువల్ల వచ్చినది కాదు. ఎక్కడిదాకా వచ్చారో తెలుసుకుంటూ వెళ్లారు గనుకనే ఎక్కడనుంచి తిరిగి రావాలో కూడా వారికి తెలిసింది. ఈ మాట చదువరులు కాస్త గుర్తుపెట్టుకోవాలి, దీనితో మాకు మళ్లీ పని పడుతుంది.

ఆ తరువాత ఆ ప్రాంతపు పెద్దలు, ఒక విశ్రాంత పోలీసు అధికారితో సహా, గుహను కాపాడవలసిందని పట్టుబట్టి తిరిగారు. 1999లో రాష్ట్ర పర్యాటక సంస్థ గుహను తన చేతిలోకి తీసుకున్నది. మెట్లు కట్టి, దారులు చదును చేసి, దీపాలు పెట్టి, గాలి ఆడడానికి పైనుంచి కూపాలు తొలిపించి 2002 ఫిబ్రవరిలో జనానికి తెరిచారు. లోపలికి దిగగానే వచ్చే మొదటి విశాలమైన గదికి ఆ జర్మను పెద్దమనిషి పేరే పెట్టారు. చెత్తకుండీగా వున్నదానిని కొలిచి చూపినందుకు అంతకంటె మర్యాద ఏముంటుంది?

చూపవలసినది చాలా వున్నది. సింహపు తలలాగ కనబడే సహజమైన రాతి తోరణం సింహద్వారం. కప్పునుంచీ నేలనుంచీ వేలకొలదిగా లేచిన లింగాకారాలు కోటిలింగాలు. కర్రతో తడితే స్వరం పలికే సప్తస్వరాల గుహ. ఊడలమర్రి, వేయి పడగలు. సాధువులు కూర్చునేవారని చెప్పే ధ్యానమందిరం. అన్నింటికీ అడుగున పాతాళగంగ. ఇవన్నీ కలిపి జనం తిరగడానికి తెరిచినది సుమారు 1,500 మీటర్లు. అంటే మొత్తంలోనుంచి అది తీసివేస్తే ఇంకా 1,700 మీటర్ల పైచిలుకు, సగానికి మించి, కటకటాలకు అవతల చీకట్లోనే వున్నది. అది నీటి గుహే. మనుషుల కోసం సిద్ధం చేసినది కాదు. బెలుం చూడబోయేవారు ముందుగా తెలుసుకోవలసినది ఈ తీసివేత లెక్క.

ఇక మా సంగతి. యాత్రికుల పట్టిక వ్రాసే పని సంఘం వారు మాకు అప్పగించారు. ఇరవై యేళ్లుగా రిజిస్టర్లు వ్రాస్తున్నవాళ్లం గదా అని వారి నమ్మకం, మాకూ అదే నమ్మకం. ఇరవై ఎనిమిది పేర్లు వరుసగా వ్రాసి, పక్కన గడులు గీసి, ఎక్కినప్పుడు ఒక టిక్కు, దిగినప్పుడు ఒక టిక్కు పెట్టుకుంటూ తాడిపత్రి దాకా నిక్షేపంగా తెచ్చాము.

గుహలోకి దిగేటప్పుడు కూడా తల తలా చూసి టిక్కు పెట్టాము. లోపల ఉక్క. పది నిమిషాలకే చొక్కాలు తడిసిపోయాయి. పాతాళగంగ దాకా దిగి, ఆ చల్లని నీటి చప్పుడు విని, పైకి మరలేసరికి గుంపు మూడు ముక్కలయింది. పిల్లలు సప్తస్వరాలంటూ ఒక వైపు లాగారు. పెద్దవాళ్లు ఇక పైకి పోదామన్నారు. కొందరు ఫోటోల దగ్గర ఆగిపోయారు.

మా సంఘంలో ఒక పెద్దావిడ వున్నారు. అందరికీ అత్తయ్యగారే. డెబ్బై దాటిన మనిషి, చక్కెర జబ్బు కూడా వున్నది. వస్తానంటే ఎవరమూ కాదనలేదు. తిరుగుదారిలో ఆవిడకు ఆయాసం వచ్చింది. ఒక మలుపులో రాతి అరుగు చూసుకుని కూర్చున్నారు. పక్కనున్న ఎనిమిదేళ్ల పిల్లవాడితో, "మామయ్యతో చెప్పు నాయనా, కాస్త అలుపు తీర్చుకుని వస్తానని" అన్నారు. పిల్లవాడు బుద్ధిమంతుడు, చెప్పాడు. అయితే మన వాళ్లలో మామయ్య కానివాడెవడు? వాడు చెప్పిన మామయ్య వేరొకాయన. పట్టిక మా చేతిలో వున్నది గనుక మాకు తెలిసే వుంటుందని ఆయన అనుకున్నాడు.

పైకి వచ్చాక మేము పట్టిక తీశాము. జనం అటూ ఇటూ చెదిరి వున్నారు, ఎండ, ఆకలి. "అందరూ వచ్చినట్టేనా?" అని కేకవేశాము. "వచ్చినట్టే, వచ్చినట్టే" అన్నారు. మేము ఒక గోడనీడన కూర్చుని ఇరవై ఎనిమిది టిక్కులూ పెట్టివేశాము. సరుకు చూడకుండా రిజిస్టరులో టిక్కు పెట్టిన గుమాస్తాను ఏమనాలో ఆఫీసు పనిలో వున్న చదువరులకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ తప్పును పట్టుకున్నది మేము కాదు, పులిహోర పొట్లం. ఇంటినుంచి ఇరవై ఎనిమిది పొట్లాలు కట్టి తెచ్చాము. అందరికీ పంచాక బుట్టలో ఒకటి మిగిలింది. "ఎవరు తీసుకోలేదు?" అని అడుగుతూ వుంటే, ఆ పిల్లవాడు నోటినిండా పులిహోర పెట్టుకుని, "అత్తయ్యగారిది. ఆవిడ లోపల కూర్చున్నారుగా" అన్నాడు. అప్పటికి ఒంటిగంట దాటి పావుగంట. ఆవిడ పొద్దున ఎనిమిదింటికి రెండు ఇడ్లీలు తిన్న మనిషి.

మా చేతిలో పొట్లం చేతిలోనే వుండిపోయింది. ఐదారుగురు ఒక్కసారిగా మెట్ల వైపు పరుగెత్తారు. అక్కడి దారిచూపే కుర్రవాడు చేతులు అడ్డం పెట్టి, "అందురూ దిగితే మళ్ల అందుర్నీ యెతకల్ల సార్. ఇద్దరు రాండి సాలు" అన్నాడు. ఇంగ్లీషులోనూ తెలుగులోనూ మేము చదివిన చదువంతా ఆ ఒక్క మాట ముందు దిగదుడుపయింది. మేమూ, ఆవిడ మేనల్లుడూ ఆ కుర్రవాడి వెంట దిగాము.

ఆ మెట్లు మాకు ఎంత పొడుగనిపించాయో చెప్పలేము. చూసిన దారే, అయినా ప్రతి మలుపూ కొత్తగానే వున్నది. పొద్దున ముచ్చటగా కనబడిన ఊడలూ పడగలూ అప్పుడు మా కంటికి ఆనలేదు. పిలిస్తే గొంతు రాళ్లకు తగిలి నాలుగు వైపులనుంచీ తిరిగి వచ్చేది. ఎటునుంచి ఎవరు పలుకుతున్నారో తెలియదు. చివరకు ఒక మలుపులో, దీపం కింద, గాలి వచ్చే చోట, కొంగుతో విసురుకుంటూ ఆవిడ కనబడ్డారు. చెయ్యి కొద్దిగా వణుకుతున్నది. సంచీలోనుంచి పంచదార బిళ్ల తీసి బుగ్గన పెట్టుకుని వున్నారు.

"ఏమండీ అత్తయ్యగారూ, భయపడ్డారా?" అన్నాము. మా గొంతు మాకే వింతగా వున్నది.

"నాకెందుకు నాయనా భయం? చెప్పి కూర్చున్న చోటనే వున్నాను. కదిలితే కదా తప్పిపోయేది!" అన్నారు. మళ్లీ ఒక్క క్షణం ఆగి, "నీ పుస్తకంలో నాకు టిక్కు పెట్టావా?" అని అడిగారు.

"పెట్టామండీ."

"అయితే నేను పైనే వున్నానన్నమాట. ఇక్కడ కూర్చున్నది ఎవరో చూడు మరి."

మేనల్లుడు నవ్వాడు, కుర్రవాడు నవ్వాడు. మాకు నవ్వు రాలేదు.

దారి పొడుగునా దీపాలున్నాయి. వచ్చేపోయే జనం వున్నారు. ఆవిడకు బుద్ధి వున్నది, సంచీలో పంచదార బిళ్ల వున్నది. అందుచేత ఇది నవ్వుకునే కథ అయింది. ఆ నాలుగింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఈ సంచికలో మేము వేరే విధంగా వ్రాయవలసి వచ్చేది. ఆవిడ అనుమతి తీసుకునే ఇదంతా వ్రాస్తున్నాము. "వ్రాయి నాయనా, టిక్కు సంగతి మాత్రం తప్పకుండా వ్రాయి" అన్నారు.

కదలకుండా వుండడం ఎంత గొప్ప సంగతో ప్రపంచమంతా ఒకసారి చూసింది. 2018 జూన్ 23న ఉత్తర థాయిలాండులో పన్నెండుగురు బంతాట పిల్లలు, ఇరవై అయిదేళ్ల వారి శిక్షకుడు తాం లువాంగ్ అనే గుహలోకి పోయారు. జూలై నుంచి నవంబరు వరకు ఈ గుహలో వరద వస్తుందని ముఖద్వారం వద్ద బోర్డు వుండనే వున్నది. జూన్ గదా అని వారు వెళ్లారు. వానకు తేదీలు తెలియవు. ఆ యేడు ముందే వచ్చింది. వెనుక దారి నీటితో మూసుకుపోయింది. తొమ్మిది రోజుల తరువాత, జూలై 2న, ముఖద్వారానికి సుమారు 4 కిలోమీటర్ల లోపల ఒక మెట్ట మీద అందరూ ఒక్కచోటే వుండగా ఇద్దరు బ్రిటిషు ఈతగాళ్లు వారిని కనుగొన్నారు. పిల్లలు చీకట్లో తలొక దారీ పట్టి పోలేదు. శిక్షకుడు వారిచేత ధ్యానం చేయించాడట. జూలై 8 నుంచి 10 వరకు మూడు రోజులలో పదముగ్గురినీ బయటికి తెచ్చారు. అయితే వారికోసం గాలి సీసాలు మోసుకుపోయి వస్తూ జూలై 6న సమన్ కునన్ అనే మాజీ నావికుడు ప్రాణం విడిచాడు. సహాయకులలో ఇంకొకరు ఆ నీటిలో తగిలిన జబ్బుతో మరుసటి యేడు పోయారు. గుహలో ఒకరు చేసిన పొరపాటుకు మూల్యం ఒక్కొక్కసారి వేరొకరు చెల్లించవలసి వస్తుందని ఇందువల్ల తెలుస్తున్నది.

ఇక వెళ్లదలచినవారికి మా అనుభవంలో తేలిన జాగ్రత్తలు చెబుతాము.

కాలం చూసుకోవాలి. ఎండాకాలం ఆ సీమలో మాడుతుంది. వానలు పట్టినప్పుడు ఏ నీటిగుహా మంచిది కాదు. పైన జల్లు కురిసి ఆగిపోయినా ఎక్కడో కురిసిన నీరు ఆలస్యంగా లోపలికి దిగవచ్చు. డిసెంబరు, జనవరి నెలలు అనువు. అప్పుడు కూడా నాలుగు రోజుల వాతావరణం చూసుకునే టిక్కెట్టు తీయాలి. ఇంటివద్ద ఎవరో ఒకరికి, "ఇన్నింటికి పైకి వస్తాము, రాకపోతే ఫలానావారిని అడగండి" అని చెప్పి పోవాలి. కింద ఫోను పలకదనుకునే దిగాలి.

ఉబ్బసం, గుండెజబ్బు వున్నవారు, గర్భిణీ స్త్రీలు డాక్టరును అడగకుండా దిగరాదు. పైన కూర్చుని చెట్టునీడన కబుర్లు చెప్పుకోవడంలో చిన్నతనం లేదు. చక్కెర జబ్బువారు మందుతోపాటు తీపి బిళ్లలు, నీళ్లు దగ్గర వుంచుకోవాలి. కాలికి జారని రబ్బరు అడుగు చెప్పులు కావాలి. చేతులు రెండూ ఖాళీగా వుండాలి. సామాను పైనే పెట్టండి. దీపాలున్నా మనిషికొక చిన్న టార్చిలైటు తప్పదు. ఫోను దీపం ఫోను చచ్చేదాకానే.

బయలుదేరకముందే ఇద్దరిద్దరిని జోడీలు కట్టాలి. ఎవరి జోడీకి వారు జవాబుదారీ. ఎవరైనా ఆగితే జోడీ కూడా ఆగాలి. కబురు పిల్లవాడిచేత పంపరాదు. దారి తప్పామనిపిస్తే వున్నచోటనే కూర్చోవాలి. ఇది పిల్లలకు ఇంటివద్దనే నేర్పాలి. పైకి వచ్చాక పట్టిక చదివేవారు పేరు పిలిచి, ముఖం చూసి, ఆపైననే టిక్కు పెట్టాలి.

రాతి ఊడలను తాకరాదు, విరవరాదు. అవి సాధారణంగా ఏడాదికి మిల్లీమీటరులో పదోవంతు పెరుగుతాయి. బెత్తెడు ఊడకు వెయ్యేళ్లు పట్టిందనుకోండి. మన చేతి జిడ్డు తగిలితే అక్కడ పెరుగుదల ఆగిపోవచ్చు. గబ్బిలాలను అదిలించకండి. వాటి రెట్ట ఎండి దుమ్మయి ఊపిరిలో చేరితే జబ్బులు వస్తాయి.

కటకటాలకు అవతల, దీపాలు లేని వైపు ఒక్క అడుగు కూడా వేయరాదు. ఎర్రమల కొండల్లో ఇటువంటి పాడు బిలాలు ఇంకా ఎన్నో వున్నాయి. మన కుర్రవాళ్లకు వాటి మీద మనసు పోవడం సహజం. నిజంగా ఆసక్తి వుంటే గుహల పని నేర్చినవారి వద్ద శిష్యరికం చేయమనండి. వారి నియమాలు విన్నాము. నలుగురికి తక్కువ కాకుండా పోవాలి. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు తోడుండాలి, ఇద్దరు సహాయానికి రావాలి. తలకు గట్టి టోపీ, మనిషికి మూడు దీపాలు. అధికారుల అనుమతి. వాన సూచన వుంటే ప్రయాణం మానుకోవడం. ఈ నియమాలలో ధైర్యం గురించి ఒక్క ముక్క లేదన్నది గమనించారా? ఫుట్ గారూ, గెబావర్ గారూ కూడా ధైర్యం గురించి వ్రాసుకున్నవారు కారు, కొలతలు వ్రాసుకున్నవారు.

మిగిలిన ఆ ఇరవై ఎనిమిదో పొట్లం అత్తయ్యగారు బస్సులో కూర్చుని తిన్నారు. తింటూ, "పులిహోరలో ఉప్పు కాస్త తగ్గింది" అన్నారు. అప్పుడు మాకు ప్రాణం కుదుటపడింది.

వచ్చే నెల మళ్లీ కలుసుకుందాము. అంతవరకు సెలవు.